సిక్ రూమ్ బాధ్యత నాకొచ్చింది: ఎవరిని క్లాసుకి, ఎవరిని ఇంటికి, ఎవరిని ఆస్పత్రికి?

మధ్యాహ్నం_బెల్

అందరికీ నమస్కారం. మా స్కూల్లో నర్సు పోస్టు లేదు. ఇన్నేళ్ళూ సిక్ రూమ్ చూసుకున్న సీనియర్ మేడమ్ రిటైరయ్యారు. ఈ ఏడాది ఆ పని నాకు అప్పజెప్పారు. "సైన్స్ చెప్తారు కదా, మీకైతే తెలుస్తుంది" అన్నారు హెడ్మాస్టరు గారు. గుండెకి నాలుగు గదులుంటాయని బోర్డు మీద బొమ్మ గీయడం వేరు, తల పట్టుకుని ఏడుస్తున్న పిల్లాణ్ణి చూసి ఏం చెయ్యాలో తేల్చుకోవడం వేరు.

ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ అయింది. కట్టు కట్టడం, బొమ్మ మీద సీపీఆర్ చెయ్యడం నేర్పారు. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి కట్టుతో పని లేదు. కడుపు నొప్పి, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంది, పడ్డాను, వాడు తోశాడు... ఇవే. వీళ్ళలో ఎవరిని కాసేపు కూర్చోబెట్టి క్లాసుకి పంపాలి, ఎవరిని ఇంటికి పంపాలి, ఎవరి విషయంలో పరుగెత్తాలి? ఇంటికి ఫోన్ చేస్తే "ఇంత చిన్నదానికా" అంటారు. చెయ్యకపోతే సాయంత్రం గేటు దగ్గర నిలదీస్తారు. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, రోజూ ఇదే టెన్షన్.

తెల్లకోటు

నేను స్కూల్ నర్సుని. జబ్బు పేరు కనిపెట్టే బరువు ముందు నెత్తి మీంచి దించేసుకోండి, అది డాక్టరు పని. ఇది కాసేపు ఆగగలదా, ఆగలేదా అన్నదొక్కటే మీరు తేల్చాలి.

పిల్లలు గుమ్మంలోకి వస్తుండగానే నేను చూసేవి కొన్ని ఉన్నాయి. ఊపిరి ఎలా తీస్తున్నారు, మాట తిన్నగా వస్తోందా, ముఖం రంగు ఎలా ఉంది, నడక తూలుతోందా. ఒక వాక్యం పూర్తిగా చెప్పలేక మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతున్న పిల్లకి థర్మామీటర్ వెతుకుతూ కూర్చోకూడదు. అది అంబులెన్సు కేసు.

ఇక్కడే చాలా స్కూళ్ళలో వరస తలకిందులుగా ఉంటుంది. టీచరు హెడ్మాస్టరుకి చెప్పాలి, ఆయన ఇంటికి ఫోన్ చెయ్యాలి, వాళ్ళు సరే అన్నాక అంబులెన్సు. స్పృహ తప్పడం, ఊపిరి అందకపోవడం, గట్టిగా నొక్కిపట్టినా ఆగని రక్తం, ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్ లేదా ఇంతకు ముందెప్పుడూ రాని పిల్లలకి మొదటిసారి వచ్చిన ఫిట్స్, ఒంటి మీద దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకుపోవడం. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పక్కనున్న టీచరే నేరుగా అంబులెన్సుకి ఫోన్ చెయ్యొచ్చని హెడ్మాస్టరు గారి సంతకంతో కాగితం తీసుకోండి. తర్వాతే ఇంటికి ఫోన్. గేటు దగ్గర నిలబడి అంబులెన్సుని లోపలికి తీసుకొచ్చేది ఎవరో కూడా అందులోనే రాయండి.

ఇంకోటి. "కళ్ళు తిరుగుతున్నాయి మేడమ్" అన్న పిల్లని "వెళ్ళి సిక్ రూములో పడుకో" అని పంపేస్తుంటారు. మెట్ల మీద పడితే? పక్కన స్నేహితురాలిని తోడిచ్చి పంపినా లాభం లేదు, ఆ అమ్మాయికి పదేళ్ళు. తల దెబ్బ, ఆయాసం, షుగరు ఉన్న పిల్లలు... ఈ మూడింట్లో పెద్దవాళ్ళే వాళ్ళ దగ్గరికి రావాలి.

విజిల్_మాస్టారు

ఆటల మాస్టారుగా నా వాటా. మాకు మోకాలు చెక్కుకుపోవడం రోజువారీ విషయం. సబ్బు నీళ్ళతో కడిగి పల్చటి కట్టు గుడ్డ వేసి పంపేస్తాం, దాని గురించి రాయడానికేం లేదు. భయపెట్టేది తల.

తల ఢీకొన్నాక స్పృహ తప్పితేనే ప్రమాదం అనుకుంటారు చాలామంది. మెదడు అదిరిన పిల్లల్లో ఎక్కువమందికి స్పృహ తప్పదు. నిలబడే ఉంటారు, కానీ స్కోరు ఎంతో చెప్పలేరు, అడిగిందే మళ్ళీ అడుగుతారు, వెలుతురు చూస్తే చిరాకు పడతారు. అనుమానం వచ్చిందంటే ఆ రోజుకి ఆట బంద్. ఫైనల్ అయినా సరే, వాళ్ళ నాన్న పక్కనే నిలబడి "వాడు బాగానే ఉన్నాడు సార్" అన్నా సరే. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ఏమవుతుందో చూసే ప్రయోగం నా గ్రౌండులో జరగదు.

తర్వాత కూడా ముందు చదువు, ఆ తర్వాతే ఆట. మొదటి ఒకటి రెండు రోజులు కాస్త విశ్రాంతి, ఆ తర్వాత మెల్లగా నడక, తేలికపాటి పనులు, మామూలుగా క్లాసుల్లో కూర్చోగలిగాక డాక్టరు సరేనంటే మైదానం. చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టడం పాత పద్ధతి. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ విషయం మీద నిపుణుల సమావేశం జరిగింది, వాళ్ళూ ఇదే చెప్పారు.

తల తర్వాత నాకు భయం ఛాతీ. గట్టి బంతి సరిగ్గా గుండె మీద తగిలి పిల్లాడు అక్కడికక్కడే కూలిపోవడం అరుదే, కానీ ఉంది. గుండె లయ తప్పుతుంది. అప్పుడు కావాల్సింది సీపీఆర్, ఏఈడీ (గుండెకి కరెంటు షాక్ ఇచ్చి లయ సరిచేసే) మెషిను. సీపీఆర్, షాక్ రెండూ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది. మెషిను ఉన్న స్కూళ్ళలో కూడా దాన్ని ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలో షీల్డుల పక్కన పెడతారు. గ్రౌండు నుంచి అక్కడికి పరుగెత్తి, తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో ఒకసారి వాచీ పెట్టి చూడండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ

నేను టీచర్ని కాదు, తల్లిని. నిలదీసే వాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి మా వైపు సంగతి చెప్తాను.

మా చిన్నది ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి జడ విప్పుతుంటే చెవి వెనక బొప్పి. అడిగితే పొద్దున్న రెండో పీరియడ్‌లో బెంచీ అంచు తగిలిందట. టీచరు మంచు ముక్క పెట్టారట, "ఏం కాదు" అన్నారట. నిజంగానే ఏమీ కాలేదు, సంతోషం. కానీ ఆ పొద్దున్న నుంచి సాయంత్రం దాకా నిద్రమత్తు, వాంతి లాంటివి ఉన్నాయా అని ఎవరైనా కనిపెట్టి చూశారా? నాకు తెలిసి ఉంటే బస్సులో ఒంటరిగా రానిచ్చేదాన్ని కాదు. ఫోన్ చేస్తే పరుగెత్తుకొచ్చి గొడవ చేస్తానని కాబోలు చెప్పలేదు. చెప్పకపోవడం వల్లే గొడవైంది.

నాలుగో_బెంచీ

నేనూ తండ్రినే, కానీ నాది రివర్సు బాధ. మా వాడి స్కూలు వాళ్ళు ముక్కు చీదినా ఫోన్ చేస్తారు. మీటింగు మధ్యలో స్కూలు నంబరు కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది, ఎత్తితే "సార్, మీ అబ్బాయి వేలికి పెన్సిల్ గుచ్చుకుంది". మేం చదువుకునే రోజుల్లో చెట్టు మీంచి పడినా ఇంట్లో చెప్పేవాళ్ళం కాదు. పిల్లలన్నాక పడతారు, లేస్తారు. ప్రతి గీతకీ ఫోన్ చేస్తే అసలైన ఫోన్ వచ్చిన రోజు కూడా "మళ్ళీ పెన్సిలే అయ్యుంటుంది" అని ఎత్తం.

తెల్లకోటు

ఇద్దరూ చెప్పింది నిజమే. అందుకే మేం ఏడాది మొదట్లోనే తల్లిదండ్రులకి ఒక కాగితం ఇచ్చేస్తాం, వేటికి ఫోన్, వేటికి చీటీ అని. మెడ పైన తగిలిన ఏ దెబ్బకైనా ఫోన్. తల, కన్ను, పన్ను అన్నీ అందులోకే వస్తాయి. కాలిన గాయానికి ఫోన్. పది పదిహేను నిమిషాలు నొక్కిపట్టినా ఆగని ముక్కు రక్తానికి ఫోన్. స్కూల్లో ఏ మందు ఇచ్చినా ఫోన్. గీతలు, చెక్కుకుపోవడాలు, పెన్సిల్ పోట్లకి డైరీలో చీటీ. నాలుగో_బెంచీ గారికి పెన్సిల్ ఫోన్లు తప్పుతాయి, ఆవిడకి బొప్పి సంగతి అరగంటలో తెలుస్తుంది.

తల దెబ్బ ఫోన్లో "ఏం కాదండీ" అనకండి. "ఇన్ని గంటలకి ఫలానాది తగిలింది, ఇప్పుడు బాగానే ఉంది, రేపటి దాకా ఇవి గమనించండి" అని చెప్పాలి. ఆ గమనించాల్సినవి రాసిన కాగితం కూడా పిల్లతో ఇంటికి పంపాలి.

మాట ముక్కు దాకా వచ్చింది కాబట్టి చెప్తున్నా, ముక్కులోంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి. రక్తం గొంతులోకి దిగి వాంతవుతుంది. కాస్త ముందుకి వంగి, ముక్కు కింది మెత్తటి భాగం నొక్కిపట్టి, నోటితో ఊపిరి పీల్చమనండి. ఆగిందా అని నిమిషానికోసారి వదిలి చూడకూడదు, అక్కడే అందరూ తప్పుతారు.

పిల్లల_డాక్టర్

ఇటు ఆస్పత్రి వైపు నుంచి. స్కూలు నుంచి ఆలస్యంగా వచ్చి నన్ను బాధపెట్టే కేసులు కొన్ని ఉన్నాయి.

మొదటిది పన్ను. శాశ్వత దంతం ఊడి కింద పడితే దాన్ని తెల్లటి భాగంతోనే పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి అంటితే పాలతోనో సెలైన్‌తోనో ఒక్కసారి తొలిపి, పిల్లాడు సహకరిస్తే అదే గుంటలో తిరిగి పెట్టి గుడ్డ కొరికి పట్టుకోమనండి. కుదరకపోతే పాలలో వేసి డెంటిస్టు దగ్గరికి. అరగంటలో వస్తే పన్ను నిలిచే అవకాశం బాగుంటుంది, గంట దాటితే బాగా తగ్గుతుంది. టిష్యూ పేపర్లో చుట్టి సాయంత్రం తెస్తే నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు. పాల పన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద మొలుస్తున్న పన్నుకి దెబ్బ.

రెండోది గురించి స్కూళ్ళలో ఎవరూ మాట్లాడరు. మగపిల్లల్లో, ముఖ్యంగా పన్నెండు దాటినవాళ్ళలో, వృషణం మెలిపడటం. హఠాత్తుగా భరించలేని నొప్పి, వాంతులు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరిగితే సాధారణంగా కాపాడొచ్చు. కానీ ఆ వయసు పిల్లాడు మేడమ్ దగ్గరికొచ్చి "పొత్తికడుపు నొప్పి" అంటాడు, అంతకు మించి నోరు విప్పడు. ఉన్నట్టుండి నొప్పితో మెలికలు తిరిగిపోతున్న అబ్బాయిని మగ టీచరు చేత పక్కకి పిలిపించి ఒక్క ప్రశ్న అడిగించండి. అనుమానం ఉంటే ఇంటికి కాదు, నేరుగా సర్జన్ ఉన్న ఆస్పత్రికి.

తల దెబ్బ తర్వాత నేను వెంటనే చూడాలనుకునే లక్షణాలు ఇవి: మళ్ళీ మళ్ళీ వాంతులు, ఎక్కువవుతున్న తలనొప్పి, లేపినా సరిగా లేవకపోవడం, మాట తడబడటం, రెండు కనుపాపలు వేరువేరు సైజులో ఉండటం, చెవిలోంచో ముక్కులోంచో నీళ్ళలాంటి ద్రవం, ఫిట్స్. తెల్లకోటు గారి కాగితంలో ఇవే ఉండి ఉంటాయి.

ఎముక విరిగిందనిపిస్తే ఎలా ఉన్న చేతిని అలాగే ఆసరా పెట్టి తీసుకురండి. దారిలో తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకండి. మత్తిచ్చి సరిచెయ్యాల్సి వస్తే కడుపు ఖాళీ అయ్యేదాకా మేం ఆగాలి.

ల్యాబ్_తెల్లచొక్కా

చిన్న మాట. కంట్లో రసాయనం పడితే సిక్ రూముకి తీసుకెళ్ళొద్దు. ల్యాబ్‌లో కుళాయి దగ్గరే కన్ను తెరిచిపట్టి కనీసం 15 నుంచి 20 నిమిషాలు నీళ్ళు పారించాలి, అదవుతుండగా ఇంకొకరు ఫోన్ చెయ్యాలి. కాలినా అంతే, పారే చల్లటి నీళ్ళ కింద 20 నిమిషాలు. మంచు వద్దు, టూత్‌పేస్టు అసలే వద్దు. 20 నిమిషాలంటే పిల్లలకి యుగంలా ఉంటుంది, పక్కన నిలబడి కబుర్లు చెప్పాలి.

లెక్కల_మేడమ్

మా బాబుకి టైప్ 1 షుగరు, నేను టీచర్ని కూడా. రెండు పడవల మీదా కాళ్ళున్న మనిషిని కాబట్టి ఒక విషయం గట్టిగా చెప్తాను. సిక్ రూమ్ బీరువాకి తాళం ఉండాలన్నది మంచి నియమమే. కానీ ఇన్‌హేలరు, తీవ్రమైన అలర్జీకి వేసే అడ్రినలిన్ ఇంజెక్షను, గ్లూకోజు ఆ తాళం వెనక ఉండకూడదు. తాళం మీ దగ్గర, మీరు మూడో అంతస్తులో క్లాసులో, పిల్లాడు గ్రౌండులో ఉంటే ఆ మందు ఉన్నా లేనట్టే.

మా వాడికి షుగరు పడిపోతే చెమటలు పట్టి, చేతులు వణికి, ఊరికే కోపం తెచ్చుకుంటాడు. ఒకరిద్దరు టీచర్లు దాన్ని అల్లరి అనుకున్నారు. మీటరులో 70 మి.గ్రా. కన్నా తక్కువ కనిపిస్తే పదిహేను గ్రాముల దాకా గ్లూకోజు, పదిహేను నిమిషాలాగి మళ్ళీ పరీక్ష. చిన్నపిల్లలకి ఇంకా తక్కువ చాలు, డాక్టరు రాసిచ్చిన ప్లానులో ఉంటుంది. మీటరు దొరక్కపోతే పడిపోయిందనే అనుకుని ఇచ్చెయ్యడం మేలు. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పెట్టకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్సుని పిలవాలి.

మధ్యాహ్నం_బెల్

లెక్కల మేడమ్, మా బీరువా తాళం నిజంగానే ఒక్కటే ఉంది. రేపే మాట్లాడతాను. ఆస్తమా పిల్లలు మా స్కూల్లో చాలామంది ఉన్నారు. ఇన్‌హేలరు పిల్లల బ్యాగులోనే ఉండనివ్వొచ్చా? ఇంకా, తలనొప్పి అన్నవాళ్ళకి పారాసెటమాల్ ఇవ్వడం మామూలేనా? పాత మేడమ్ ఇచ్చేవారట.

తెల్లకోటు

వాడుకోవడం తెలిసిన పిల్లల దగ్గర ఇన్‌హేలరు ఉండటమే మంచిది. చిన్నవాళ్ళదైతే క్లాస్ టీచర్ దగ్గర. స్పేసరు (ఇన్‌హేలరుకి తగిలించే గొట్టం) కూడా ఉండాలి, అది లేకుండా కొడితే మందులో చాలా భాగం నోట్లోనే ఆగిపోతుంది. ఆయాసం వచ్చినప్పుడు పడుకోబెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి. ఆ పిల్లకి సొంత ప్లాను ఉంటే అదే పాటించాలి. లేకపోతే ఆస్ట్రేలియాలో నేర్పే 4-4-4 పద్ధతి గుర్తుపెట్టుకోవడం తేలిక. రిలీవరు (ఆయాసాన్ని వెంటనే తగ్గించే ఇన్‌హేలరు) ఒక్కో పఫ్ చొప్పున నాలుగు పఫ్‌లు, ఒక్కో పఫ్‌కి స్పేసరులోంచి నాలుగు ఊపిరులు, తర్వాత నాలుగు నిమిషాలు ఆగి చూడటం. తగ్గకపోతే మళ్ళీ అంతే. అప్పటికీ తగ్గకపోతే అంబులెన్సు, అది వచ్చేదాకా ఇస్తూనే ఉండటం. పెదాలు నీలంగా ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు ఫోన్.

అలర్జీ ఇంజెక్షను తొడ బయటి వైపు, బట్టల మీంచే వెయ్యొచ్చు. వేశాక పిల్లని నడిపించకండి, కాళ్ళు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే, రెండోది ఉంటే అదీ వెయ్యాలి. తగ్గినట్టున్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టొచ్చు.

పారాసెటమాల్ సంగతి: ఇంటి నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా ఏ మాత్రా ఇవ్వకండి. ఉన్నా కూడా, పొద్దున్న ఇంట్లో ఎన్నింటికి వేశారో ఫోన్లో అడిగి, మీరిచ్చిన టైము, మోతాదు రాసి, ఇంకొకరికి కూడా చూపించి ఇవ్వండి. ఆస్పిరిన్ అయితే పదహారేళ్ళలోపు పిల్లలకి డాక్టరు చెప్తే తప్ప వద్దే వద్దు, రేస్ సిండ్రోమ్ అని కాలేయాన్నీ మెదడునీ దెబ్బతీసే జబ్బుతో దానికి సంబంధం ఉంది. కవర్లో పోసి పంపిన పేరు లేని మాత్రల్ని తిప్పి పంపండి.

ఆఫీసు_రూము

నేను స్కూలు ఆఫీసులో పనిచేస్తాను. మీరు ఇన్ని చెప్తున్నారు, ఆ ఫోన్ చెయ్యాల్సిన నంబరు పనిచేస్తేగా. అడ్మిషన్ ఫారంలో ఇచ్చిన నంబర్లు ఏడాది తిరిగేసరికి సగం మారిపోతాయి. తండ్రి నంబరు స్విచాఫ్, తల్లి నంబరు కూడా తండ్రిదే. ప్రతి టర్ము మొదట్లో ఒక రోజు కూర్చుని మిస్డ్ కాల్ ఇచ్చి చూడటమే దారి. ముగ్గురి నంబర్లు తీసుకోండి, మూడోది దగ్గర్లో ఉండి పిల్లని తీసుకెళ్ళడానికి రాగల మనిషిది అయ్యుండాలి. వచ్చిన మనిషి పేరు ఫారంలో లేకపోతే పిల్లని పంపకండి, ఎంత జ్వరంగా ఉన్నా సరే. ముందు ఇంట్లో వాళ్ళతో మాట్లాడాలి.

రిజిస్టరులో కథలు రాయకండి. ఎన్నింటికి, ఎక్కడ, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఏం చేశారు, ఎవరికి ఎన్నింటికి ఫోన్ చేశారు, ఎవరు ఎత్తారు. "అల్లరి వల్ల పడ్డాడు" అని రాస్తే అది మీ అభిప్రాయం. "పరుగెత్తుతూ మూడో మెట్టు మీంచి పడ్డాడు" అని రాయండి. గాయం ఫొటో తీసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం చూశాను. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి.

నాలుగో_బెంచీ

మరి జ్వరంతో, దగ్గుతో వచ్చేవాళ్ళ సంగతేంటి? పొద్దున్న పారాసెటమాల్ పోసి పంపించేస్తారు, పదకొండింటికి కాలిపోతుంటుంది. మావాడి క్లాసులో ఒకరికి పేలు ఉన్నాయని తెలిసి ఆ పిల్లని వారం రోజులు రానివ్వలేదు, అది మాత్రం బాగుంది.

పిల్లల_డాక్టర్

తిరగేసి చేశారు. జ్వరం ఉన్న పిల్లని ఆపాలి, పేలున్న పిల్లని ఆపనక్కర్లేదు.

38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటితే జ్వరమే. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉంటే తిరిగి రావొచ్చు. వాంతులు, విరేచనాలైతే చివరిసారి అయిన దగ్గర్నుంచి 48 గంటలు. ఆటలమ్మకి పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా. తట్టుకి దద్దుర్లు మొదలయ్యాక నాలుగు రోజులు. మామూలు జలుబు, కాస్త దగ్గు, పిల్ల చురుగ్గా ఉంటే రావొచ్చు, వీళ్ళని కూడా ఆపితే ఏ క్లాసూ నిండదు.

పేలు ఎగరవు, దూకవు, జబ్బులు మోసుకురావు. దాదాపు ఎప్పుడూ తల తలకి ఆనితేనే ఎక్కుతాయి. మీరు కనిపెట్టేసరికి అవి వచ్చి వారాలై ఉంటుంది, ఆ పూట ఇంటికి తరిమినందువల్ల ఒరిగేదేం లేదు. సాయంత్రం మందు పెట్టుకుని మర్నాడు రావొచ్చు. ఈరులు పోయేదాకా రావొద్దనే నియమాలు ఎత్తెయ్యాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా చెప్తోంది, 2022 నివేదికలోనూ అదే మాట.

ఇద్దరు_పిల్లల_అమ్మ

డాక్టరు గారూ, కాగితం మీద బాగానే ఉంది. రెండేళ్ళు వరసగా ఇద్దరు ఆడపిల్లల తలలు దువ్వి దువ్వి చేతులు పడిపోయినదాన్ని, నేనొప్పుకోను. కనీసం పక్క బెంచీ వాళ్ళకైనా చెప్పండి.

పిల్లల_డాక్టర్

చెప్పాలి, అందులో మీతో ఏకీభవిస్తాను. పేరు చెప్పకుండా, క్లాసు మొత్తానికి ఒకే చీటీ. "మీ క్లాసులో పేలు కనిపించాయి, ఇంట్లో తల చూసుకోండి" అని.

తెల్లకోటు

క్లాసులో వాంతి అయితే పిల్లల్ని ముందు బయటికి పంపండి, తుడిచేవాళ్ళకి గ్లవ్స్, మాస్కు ఇవ్వండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద శానిటైజరు అంతగా పనిచెయ్యదు, నేల తుడవడానికి బ్లీచ్ కావాలి.

వినే_చెవి

స్కూల్ కౌన్సిలర్ని. మొదటి పోస్టులో "కడుపు నొప్పి" అని మొదలుపెట్టారు కానీ అందరూ రక్తం వైపు వెళ్ళిపోయారు. మీ సిక్ రూములో ఎక్కువ సమయం తీసుకునేది ఆ కడుపు నొప్పే.

రిజిస్టరు తిరగెయ్యండి. ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వస్తోందా? వస్తే ఏ వారం, ఏ పీరియడ్? ఒక అమ్మాయి ప్రతి మంగళవారం, గురువారం వచ్చేది. ఆ రోజుల్లో పైకి చదివించే క్లాసు ఉంది, ఆమెకి నత్తి. ఇంకో అబ్బాయి ఇంటర్వెల్ అయిన వెంటనే వచ్చేవాడు. బాత్రూము దగ్గర పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారని రోజంతా ఆపుకుంటున్నాడు, ఆపుకుని ఆపుకుని మలబద్ధకం, దాంతో నిజమైన నొప్పి. మీరు మాత్ర ఇచ్చినా, ఇంటికి పంపినా, "నాటకాలు" అని తిట్టినా మర్నాడు మళ్ళీ వస్తాడు.

ఆ మాట మాత్రం ఎప్పుడూ అనకండి. భయం వల్ల వచ్చే నొప్పి కూడా నొప్పే. పిల్లలకి అది కడుపులోనే తెలుస్తుంది. అలాగని వచ్చినప్పుడల్లా ఇంటికి పంపితే భయపడిన చోటికి తిరిగి రావడం రోజురోజుకీ కష్టమవుతుంది. నేను చేసేది: కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, బాత్రూముకి వెళ్ళొచ్చావా, ఏమైనా తిన్నావా, నెలసరి మొదలైందా అని అడుగుతాను. పావుగంట తర్వాత నేనే క్లాసు దాకా నడిచి దింపుతాను. ఆ నడకలోనే సగం విషయాలు బయటికొస్తాయి. ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు.

పిల్లల_డాక్టర్

దానికి ఒక్క తోక. మనసులోదే అని తేల్చేముందు ఒకసారి డాక్టరుకి చూపించాలి. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, జ్వరం, మలంలో రక్తం, బొడ్డుకి దూరంగా ఒకేచోట ఉండే నొప్పి, ఇవి భయం వల్ల వచ్చేవి కావు. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందకి దిగి, గెంతితే ఎక్కువయ్యే నొప్పి అపెండిసైటిస్ కావచ్చు. ఆ పిల్ల క్లాసుకి వెళ్ళకూడదు.

విజిల్_మాస్టారు

ఒకటి మర్చిపోయాం, ఎండ. ఎండలో పరుగెత్తి పిల్లాడు అర్థం లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా నీడలోకి లాగి, అదనపు బట్టలు తీసేసి, ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూ గాలి తగలనివ్వండి, ఇంకొకరు అంబులెన్సుకి ఫోన్ చేస్తుండగానే. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవద్దు, ఆటల్లో వచ్చేదాంట్లో చెమట ఉంటుంది. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం.

మధ్యాహ్నం_బెల్

అందరికీ చాలా థ్యాంక్స్. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. అంబులెన్సు కాగితం మీద సంతకం పెట్టారు, కాస్త గొణిగారు కానీ పెట్టారు. ఇన్‌హేలర్లు, గ్లూకోజు, అలర్జీ ఇంజెక్షన్లు గోడకి తాళం లేని పెట్టెలో, పిల్లలకి అందని ఎత్తులో. మిగతా మందులు బీరువాలో, రెండో తాళం ఆఫీసులో. ఫోన్ ఎప్పుడు, చీటీ ఎప్పుడు అన్నది ఇంటికి పంపే కాగితంలో రాశాను. రిజిస్టరులో "వారం, పీరియడ్" అని ఒక గడి కలిపాను, వినే_చెవి గారి మాట మీద. గోడ మీద చార్టు కూడా రాస్తున్నాను. ఫిట్స్ దగ్గర ఇలా రాశాను, చూడండి: "చుట్టూ గట్టి వస్తువులు తీసెయ్యాలి, టైము చూడాలి, కాళ్ళూ చేతులూ గట్టిగా పట్టుకోవాలి, పక్కకి తిప్పాలి."

తెల్లకోటు

"గట్టిగా పట్టుకోవాలి" కొట్టెయ్యండి. పట్టుకుంటే భుజం కీలు తప్పొచ్చు. తల కింద మెత్తటిది పెట్టి, కదలనివ్వండి. దాని బదులు "నోట్లో ఏమీ పెట్టకూడదు" అని పెద్ద అక్షరాల్లో రాయండి, ఎవరో ఒకరు స్పూను పట్టుకుని పరుగెత్తుకొస్తారు. నాలుక మింగేయడం అనేది జరగదు.

మధ్యాహ్నం_బెల్

కొట్టేశాను. ఆఖరి ప్రశ్న. త్వరలో పిల్లల్ని ఒక రోజు బయటికి తీసుకెళ్తున్నాం. మందుల సంచి బస్సులో డ్రైవరు గారి దగ్గర ఉంచుతామంటున్నారు. సరిపోతుందా?

లెక్కల_మేడమ్

సరిపోదు. బస్సు ఒక చోట ఆగుతుంది, పిల్లలు ఇంకో చోట తిరుగుతారు. ఎవరి మందు ఎవరికో పేరు రాసి, ఆ పిల్లలున్న గుంపుతో నడిచే టీచరు భుజానికి తగిలించండి. ఆ టీచరుకి ఇన్‌హేలరూ, ఇంజెక్షనూ వాడటం ముందు రోజే చూపించండి. ఎండలో వదిలేసిన సంచిలో ఇన్సులిన్ పాడవుతుంది, అది కూడా చెప్పండి.

ఆఫీసు_రూము

నంబర్ల ప్రింటవుట్ కూడా అదే సంచిలో. ఫోన్లో ఉందిలే అనుకోకండి, చార్జింగ్ అయిపోతుంది.